తీసేసిన మాట

సభ కోసం వేసిన వేదిక వెనక చిన్న గది. ఒక అద్దం, రెండు స్టూళ్ళు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ.

"…ఖాళీ కుర్చీ ఊగదు మేడమ్. మనిషి కూర్చుంటేనే ఊగేది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. దాని వెనకకాలు ఒకటి పొట్టి. చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. మొదట్లో సరిచేద్దామనే అనుకున్నా. తర్వాత, ఎవరు కూర్చుంటారులే, చనిపోయినాయన లేచొచ్చి కూర్చుంటాడా అనుకున్నా. అలా అనుకున్నందుకు ఆ పూటంతా చెయ్యి పనిమీదికి పోలేదు, అది వేరే సంగతి. ఇవాళేమో దాంట్లో మనిషిని కూర్చోబెడతానంటున్నారు…"

"కాలికింద అట్టముక్క పెట్టించాను. ఇక కుర్చీ సంగతి వదిలెయ్యండి. 'జైల్లోంచి బయటికొచ్చాక' దగ్గర్నుంచి ఇంకోసారి చెప్పండి."

"ఎవర్ని కూర్చోబెడతారు?"

"ముందు చెప్పండి."

"'జైల్లోంచి బయటికొచ్చాక నన్ను ఎవరూ పనిలో పెట్టుకోలేదు. ఈ సంస్థ ఉండటానికి చోటిచ్చింది, వడ్రంగం నేర్పింది. ఈ కుర్చీ నేను చేసిందే. నా చేతిలో పోయిన మనిషి కోసం ఇది ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ప్రతి సభలోనూ దీని ముందు నిలబడి క్షమించమని అడుగుతాను.' ఎవర్ని కూర్చోబెడతారు మేడమ్?"

"మీకు తెలుసు."

"తెలియదు."

"తెలుసు. చొక్కా గుండీ పక్క కాజాలో పెట్టుకున్నారు."

"ఆవిడా?"

"ఆవిడే. చనిపోయినాయన వాళ్ళమ్మ."

"…"

"కాసిని నీళ్ళు తాగండి."

"ఆవిడ రానంది కదా. మీవాళ్ళు వెళ్తే ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకునే మాట్లాడిందన్నారు. వాళ్ళు మెట్లు దిగేదాకా కింద పెట్టలేదన్నారు."

"అప్పుడు రానంది. ఇప్పుడు తనే ఫోన్ చేసింది. మేము అడగలేదు. నిజం, ఒట్టు. వీడియో చూసిందట. పోయిన సభలో మీరు మాట్లాడింది. పక్కింటావిడ ఫోన్లో పెట్టి చూపించిందట."

"ఏ ముక్క చూసింది?"

"మొత్తం చూసుంటుంది."

"ఏ ముక్క చూసి వస్తానంది మేడమ్?"

"…'అమ్మా' ముక్క."

"ఆయన అలా అన్లేదు."

"కాస్త నెమ్మదిగా. బయట మైకులు పెడుతున్నారు."

"ఆయన 'అమ్మా' అన్లేదు మేడమ్. మీకు తెలుసు, నాకు తెలుసు. మీరే పెట్టారు ఆ మాట."

"నేను పెట్టలేదు. మనం పెట్టాం."

"మనమా?"

"మనమే. మీరు వచ్చిన కొత్తలో, ఇలాంటి గదిలోనే. నేను అడిగాను, చివర్లో అతను ఏమైనా అన్నాడా అని."

"అడిగారు. నాకు సంతోషమేసింది కూడా. కోర్టులో ఏ చేత్తో కొట్టావు, రాడ్డు ఎక్కడిది, ముందే అనుకున్నావా, ఇవన్నీ అడిగారు. ఆయనేమన్నాడని ఒక్కళ్ళూ అడగలేదు. లోపలున్నన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారేమో అని చూశాను. మీరు అడిగారు. చెప్పాను. 'వానొచ్చేట్టుంది, సైకిలు లోపల పెట్టరా' అన్నాడు. అంతే అన్నాడు."

"అదేం మాటండీ? ఎవరికి అర్థమవుతుంది?"

"నాకూ కాలేదు. గోడౌన్లో సైకిలు లేదు. ఆయన బస్సులో వచ్చేవాడు కాపలా డ్యూటీకి, నేను అక్కడ మూటలు మోసినప్పుడు చూసేవాణ్ణి. మబ్బూ లేదు. ఆ రాత్రి దొంగతనానికి గోడ దూకుతూ, ఇంత వెన్నెలేంటని తిట్టుకున్నాను కూడా."

"అదే నేనన్నది. తలకి దెబ్బ తగిలిన మనిషి ఏదో పలవరించాడు. స్టేజీ మీద అది చెప్తే జనం మొహమొహాలు చూసుకుంటారు. ఎవడో ఒకడు కిసుక్కుమంటాడు. ఒక్కడు నవ్వితే ఇక అంతే, ఏ చెయ్యీ జేబులోకి పోదు. అందుకే అడిగాను, ఇంకేమీ అన్లేదా, మూలిగాడా అని. మూలిగాడన్నారు."

"మూలిగాడు."

"ఆ మూలుగుని 'అమ్మా' అనుకోవచ్చా అన్నాను. తలూపారు."

"అప్పుడు మీరేమన్నా తలూపేవాణ్ణి మేడమ్. భోంచేశావా అంటే తినకపోయినా తలూపాను. మీ మొహంలో ఏ జవాబు కావాలో వెతుక్కుని, అది చెప్పేవాణ్ణి. లోపల అలవాటైన పని అది."

"సరే, తప్పు నాదే. రాసుకోండి. ఇప్పుడు ఏం చేద్దాం?"

"ఇంకోటి చెప్పనా? చెప్పీ చెప్పీ ఇప్పుడు నాకే అలా వినపడుతోంది. కళ్ళు మూసుకుంటే ఆయన 'అమ్మా' అంటున్నాడు, అదీ మీరు నేర్పినట్టే, మధ్యలో ఆగి. అసలు మాట కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. సామానుగదిలో అడుగున పడిపోయినట్టు, పైవన్నీ తీస్తే గానీ దొరకదు. ఏదో ఒకరోజు వెతికితే దొరకదేమోనని భయం. అప్పుడు ఆయన్ని ఇంకోసారి చంపినట్టు కదా."

"జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది. మనం ఒక సంగతిని గుర్తుచేసుకున్న ప్రతిసారీ…"

"పుస్తకం వద్దు మేడమ్."

"సరే."

"ఆవిడకేం కావాలి?"

"ఒకటే షరతు పెట్టింది. సభకి ముందు మిమ్మల్ని చూడాలట. ఎవరూ లేకుండా. ఆ మాట మీ నోట వినాలట. విన్నాకే కుర్చీలో కూర్చుంటానంది."

"చెప్పను."

"చెప్పండి."

"స్టేజీ మీద వాళ్ళకి చెప్పడం వేరు. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళు వింటారు, ముక్కు చీదుకుంటారు, భోజనాలకి లేస్తారు. ఆవిడ కళ్ళలోకి చూసి ఎలా చెప్తాను?"

"కళ్ళలోకి చూడక్కర్లేదు. కిందకి చూస్తూ చెప్పండి. అది ఇంకా…"

"ఇంకా బాగుంటుందా?"

"…సారీ. అలవాటైపోయింది. నన్ను చూస్తే నాకే అసహ్యంగా ఉంటుంది ఒక్కోసారి. వినండి, ఇది ఎందుకు చేస్తున్నానో చెప్తాను. ఏటా మనకి డబ్బిచ్చే పెద్దాయన ఈసారి అది చెరువులకి ఇద్దామనుకుంటున్నారు."

"చెరువులకా?"

"పూడిక తీయించడానికి. వాళ్ళ బోర్డులో ఎవరో చెప్పారట, జైళ్ళ సంగతి పాతబడిపోయింది, ఇప్పుడందరూ నీళ్ళంటున్నారని."

"చెరువులు నయం మేడమ్. స్టేజీ ఎక్కి ఏడవక్కర్లేదు."

"నవ్వండి, నవ్వండి. నేను ఆయన ఆఫీసుకెళ్ళి అన్నీ చెప్పాను. జామీను కట్టలేక, నేరం రుజువు కాకుండానే లోపల మగ్గేవాళ్ళ కోసం మన లాయర్లు ఏం చేస్తున్నారో చెప్పాను. చట్టంలో ఏ ముక్క మారితే ఎంతమంది బయటికొస్తారో చెప్పాను. మన ఇంట్లో ఉండి వెళ్ళినవాళ్ళలో మళ్ళీ జైలుకి పోయినవాళ్ళు ఎంత తక్కువో చెప్పాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నారు. ఆఖర్న కుర్చీ ఫొటో చూపించాను. ఫోన్ కింద పెట్టారు. 'ఆ తల్లి ఎప్పుడైనా వచ్చి కూర్చుందా?' అనడిగారు. అప్పటికి ఆవిడ ఫోన్ చేసి రెండు రోజులైంది. వస్తోంది సార్ అనేశాను."

"అంటే ఆవిడ కూర్చుంటే డబ్బు, లేకపోతే చెరువులు."

"ఆయన అంత పచ్చిగా అనరు. కానీ అంతే."

"అంతే."

"ఇవ్వకపోతే ఈ నెలాఖరుకి ఇంటి తాళాలు ఓనరుకి ఇచ్చెయ్యాలి. మీ వర్క్‌షాప్ కూడా. మీకైతే పని వచ్చు, ఎక్కడో బతుకుతారు. మన ఇంట్లో ఉండే తాత సంగతేంటి? జైలు అలవాటు, బయటినుంచి గడియ పెడితే గానీ ఆయనకి నిద్రపట్టదు. రోజూ మీరే కదా పెట్టేది. ఏ ఇంటివాడు అద్దెకిస్తాడు ఆయనకి? ఎవడు లేచి గడియ పెడతాడు?"

"తాతని మధ్యలోకి తేకండి."

"తెస్తాను. నా దగ్గర ఇంకేముంది తేవడానికి? ఒక్క మాట. ఆ ముసలామెకి కూడా మేలు చేసే మాట. కొడుకు చివర్లో తనని తల్చుకున్నాడని నమ్మి ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు నువ్వు నిజాయితీ పేరుతో ఆవిడ చేతిలో ఉన్నది కూడా లాక్కుంటావా? ఎవరి కోసం? నీ మనసు తేలికవడం కోసమేగా?"

"'నువ్వు' అన్నారు."

"…అన్నానా?"

"పర్లేదు. ఇన్నాళ్ళకి మనిషితో మాట్లాడినట్టుంది."

"చెప్తారా?"

"గుండీ సరిచేసుకుంటాను. పంపండి."

*

"ఎవరు చేశారు ఈ చొక్కా ఇస్త్రీ?"

"…సంస్థవాళ్ళు ఇచ్చారు. కూర్చోండమ్మా."

"అలా పిలవకు."

"…సరే. ఏమని పిలవను?"

"పిలవకు. కాలరు మీద ముడత అలాగే వదిలేశారు. కాలరు ముందు తిరగేసి చెయ్యాలి. కొత్త చొక్కానా?"

"కొత్తది కాదు. మరీ కొత్తదైతే బాగుండదన్నారు. మరీ పాతదీ వద్దన్నారు."

"ఎవరి కోసం బాగుండాలి?"

"ముందు వరసలో కూర్చునేవాళ్ళ కోసం."

"నాకూ చీర ఇస్తామన్నారు. తెల్లది. నా చీరలు నాకున్నాయన్నాను. ఏ చెయ్యి?"

"…"

"ఏ చేత్తో అని అడుగుతున్నా."

"కుడి."

"దాంతోనే పని చేస్తావా?"

"చేస్తాను."

"తింటావా?"

"తింటాను."

"ఊఁ. ఎదురుగా కనపడితే ఏం చేస్తానో అనుకునేదాన్ని. దారంతా అనుకుంటూనే వచ్చాను. మామూలు చెయ్యే. గోళ్ళలో రంపపుపొట్టు ఉంది. నువ్వు కూర్చో, నా మొహం మీద పడినట్టు నిలబడకు."

"నిలబడతాను. అలవాటే."

"నీ ఇష్టం. మీ మేడమ్, ఆ అమ్మాయి, చెప్పిందా నేనెందుకొచ్చానో?"

"చెప్పారు."

"అయితే చెప్పు."

"వీడియోలో చెప్పాను కదా…"

"వీడియో నేను చూశాను. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాను. పక్కింటామె విసుక్కుంది కూడా. వీడియోని అడగడానికి బస్సెక్కి ఇంత దూరం రాలేదు. అన్నాడా?"

"…అన్నాడు."

"ఏమని?"

"'అమ్మా' అని."

"ఎలా?"

"ఎలా అంటే?"

"ఎలా అన్నాడని. వీడియోలో నువ్వు నీ గొంతుతో అన్నావు. వాడి గొంతు నీలా బొంగురుగా ఉండదు. గట్టిగా అన్నాడా? మెల్లిగానా? నొప్పికి అన్నట్టా, పిలిచినట్టా? అందరూ నొప్పికి అంటారు అమ్మా అని. గుమ్మం తగిలినా అంటారు. నాకు కావాల్సింది అది కాదు. పిలిచినట్టు అన్నాడా?"

"…మెల్లిగా."

"పిలిచినట్టా?"

"…"

"నా మొహం చూసి చెప్పు. కిందేముంది?"

"కిందకి చూసి చెప్పమన్నారు."

"ఎవరు?"

"…"

"అన్నాడా లేదా?"

"అన్లేదు."

"…"

"అన్లేదు. మూలిగాడు. దాన్ని మేము అలా చేశాం. స్టేజీ కోసం. ఎవరూ చెయ్యమంటే కాదు, నేనే తలూపాను. కావాలంటే ఇంకో చెంప మీద కూడా కొట్టండి."

"ఒక చెంప మీద ఎప్పుడు కొట్టాను?"

"కొట్టలేదు."

"కొడితే నీకు తేలిక. ఎందుకు కొడతాను?"

"…"

"అనుకున్నాను. దారిలోనే అనుకున్నాను, అబద్ధమేలే అని. అయినా దిగలేదు. అబద్ధమని తెలిశాక కూడా మనిషి బస్సు దిగదు, చూశావా? టిక్కెట్టు తీశాం కదా, చూసొద్దాం అనుకుంటుంది."

"ఎందుకంత… అంటే, ఆ మాట అంత…"

"వాడు నాతో మాట్లాడేవాడు కాదు."

"ఎవరు?"

"నా కొడుకు, ఇంకెవరు. ఆ గోడౌన్ ఉద్యోగం వద్దన్నాను. రాత్రులు మేలుకునే పనేంట్రా, నాతోపాటు ఇస్త్రీ బండి చూసుకో అన్నాను. ఇస్త్రీ చేసుకుంటూ బతకను అన్నాడు. నన్నన్నట్టే కదా అది. అయితే ఆ పనికిపోతే నాతో మాట్లాడకు అన్నాను. కోపంలో అంటాం. వాడు మొండివాడు, నిజంగానే మానేశాడు. ఒకే గదిలో ఉండేవాళ్ళం. వాడు యూనిఫాం చొక్కా తెచ్చి బల్లమీద పడేసేవాడు, నేను చేసి మేకుకి తగిలించేదాన్ని. తొడుక్కుని పోయేవాడు. కంచం పెడితే తినేవాడు. మాట మాత్రం లేదు. నేనూ మాట్లాడలేదు. ముందు వాడే మాట్లాడాలని."

"…"

"ఆ చివరిరోజు కూడా అంతే. చొక్కా తీసుకున్నాడు, పోయాడు. ఆ తర్వాత ఎవరెవరో వచ్చి ఏదేదో చెప్పారు. ఇన్నేళ్ళూ నా బాధ నీమీద కాదు. నీమీద ఉంది, లేదని కాదు. కానీ నిద్రపట్టనిది నీవల్ల కాదు. వాడు నామీద అలిగే పోయాడని. వీడియోలో 'అమ్మా' అన్నాడంటే, పోనీలే, ఆఖరికి వాడే ముందు పలికాడనుకున్నాను. ఓడిపోయాడురా వెధవ అని నవ్వుకున్నాను కూడా. పక్కింటామె నాకు పిచ్చెక్కిందనుకుంది."

"…"

"అంటే మాట్లాడకుండానే పోయాడన్నమాట."

"లేదు. మాట్లాడాడు."

"ఇప్పుడేగా అన్లేదన్నావు."

"అమ్మా అన్లేదు. వేరే మాట అన్నాడు. అర్థంలేని మాట. మేడమ్‌కి చెప్తే తీసేశారు."

"ఏంటది?"

"ఏమీ లేదండీ. పలవరింత."

"నా కొడుకు పలవరింతే కదా. చెప్పు."

"'వానొచ్చేట్టుంది, సైకిలు లోపల పెట్టు' అన్నాడు."

"…"

"ఆ రోజు వాన లేదు. సైకిలూ లేదు. అందుకే…"

"మళ్ళీ చెప్పు."

"'వానొచ్చేట్టుంది, సైకిలు లోపల…'"

"అలా కాదు. వాడు ఎలా అన్నాడో అలా."

"ఆగండి. వెతుక్కోవాలి… ఆయన పక్కకి తిరిగి పడున్నాడు. నేను తలుపు దాకా వెళ్ళి ఆగాను. మెల్లిగా, కానీ ఎవర్నో దూరంగా ఉన్నవాళ్ళని కేకేసినట్టు సాగదీస్తూ. 'వానొచ్చేట్టుందీ… సైకిలు లోపల పెట్టరా…' అదీ. అలా అన్నాడు. నన్ను 'రా' అంటున్నాడనుకున్నాను. నాకంటే చిన్నవాడు, నన్ను రా అంటాడేంటి అని, ఆ సమయంలో, చస్తున్న మనిషి మీద, నాకు కోపం కూడా వచ్చింది."

"…"

"ఏడవకండి. నేను చెప్పకుండా ఉండాల్సింది."

"ఏడవట్లేదు."

"…నవ్వుతున్నారా?"

"ఏదో ఒకటి చెయ్యనీ. మాట్లాడకు కాసేపు."

"…"

"ఈ మాట ఎవరెవరికి చెప్పావు?"

"మేడమ్‌కి ఒక్కసారి. రాసుకుని, కొట్టేశారు."

"ఇంకెవరికీ చెప్పలేదు? ఏ సభలోనూ?"

"లేదు."

"వీడియోలో ఎక్కడా లేదు?"

"లేదు."

"బతికిపోయాను. విను. బయట వాళ్ళకి ఈ మాట చెప్పకు. నిజం చెప్తానని బుద్ధి పుట్టినా చెప్పకు. వాళ్ళ ముందు ఎప్పుడూ చెప్పేదే చెప్పు."

"'అమ్మా' అనా?"

"అదే. వాళ్ళకి అది చాలు. వాళ్ళిచ్చే డబ్బుకి ఆ మాట సరిపోతుంది."

"అబద్ధమని తెలిసీ మీరు కుర్చీలో కూర్చుంటారా?"

"కూర్చుంటాను. నేను కూర్చోకపోతే మీ ఇంటికి తాళం పడుతుందటగా. ఈ గదికి తీసుకొస్తూ ఆ అమ్మాయి చెప్పింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పింది పాపం. ఎవరో తాత ఉన్నాడట, గడియ పెడితే గానీ పడుకోడట."

"ఉన్నాడు."

"నిన్ను క్షమించానని మాత్రం అనను. అనమంటారు, కాగితం మీద రాసిచ్చారు. అనను. కూర్చుంటాను, అంతే."

"అనొద్దు."

"నువ్వెవరు వద్దనడానికి? …తలుపు కొడుతున్నారు చూడు."

*

"అయిందా? అందరూ వచ్చేశారు. పెద్దాయన ముందు వరసలో ఉన్నారు. అయ్యో, ఏడ్చారా అమ్మా? ఇలా కూర్చోండి. ఏమడిగారు?"

"అడగాల్సింది అడిగాను. చెప్పాల్సింది చెప్పాడు."

"ఏం చెప్పారు మీరు?"

"…'అమ్మా' అన్నాడని చెప్పాను మేడమ్."

"అవునా అమ్మా?"

"అవును. అలాగే అన్నాట్ట."

"హమ్మయ్య. మీరొక్కసారి ఇటు రండి, కాలరుకి మైకు పెడతాను… కొంచెం వంగండి. మెల్లిగా చెప్తున్నాను, ఆవిడకి వినపడకూడదు. మంచి పని చేశారు. ఆ సైకిలూ వానా చెప్పుంటే పెద్దావిడ తట్టుకునేది కాదు."

"కాదు మేడమ్."

"ఆవిడ మొహం చూడండి, వచ్చినప్పటికీ ఇప్పటికీ. ఒక్క మాటకి. ఇందుకే నేను ఈ పని మానలేకపోతున్నాను. సరే, నేను ముందువైపు వెళ్తాను. తెర తీసేసరికి ఆవిడ కుర్చీలో ఉండాలి. జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

"అలాగే."

"మీరేం మాట్లాడకండి దార్లో. ఈ మూడ్ అలాగే ఉండాలి."

*

"మెట్టుంది."

"కనపడుతోంది."

"ఇదే కుర్చీ."

"చేతిపని బానే ఉంది. ఊగుతుందటగా?"

"ఎవరు చెప్పారు?"

"ఆ అమ్మాయే. ఏం చెప్పకూడదో అన్నీ చెప్పేస్తుంది."

"అట్ట పెట్టారు. అయినా ఊగుతుంది. కాలు పొట్టి. …ఒకటి అడగనా?"

"క్షమాపణైతే తెర తీశాక అడుగు, అందరి ముందూ. ఇక్కడొద్దు."

"అది కాదు. ఇందాక ఆ మాట వినగానే… నాకు ఇన్నేళ్ళుగా అర్థం కాలేదు. చెప్పకపోయినా పర్లేదు. ఏ సైకిలది?"

"వాడి చిన్నప్పటిది. తుక్కుకి వేసేసి ఎన్నేళ్ళో అయింది."

"మరి ఆ పూట అదెందుకు గుర్తొచ్చింది ఆయనకి?"

"సాయంత్రమైతే సందు చివర తిరుగుతుండేవాడు. ఇంట్లోకి రారా అంటే ఒక్కనాడూ రాలేదు, చెప్పానుగా, మొండివాడు. సైకిలంటే ప్రాణం. అందుకని గుమ్మంలో నిలబడి, మబ్బున్నా లేకపోయినా, సందు చివరిదాకా వినపడేలా సాగదీసి కేకేసేదాన్ని. ఆ కేక నాది. పెద్దవాడయ్యాక వినపడితే సిగ్గుపడేవాడు, నేను మానేశాను. ఆ రోజు వాడికి మళ్ళీ వినపడింది. …కుర్చీ పట్టుకో. కూర్చుంటాను."